నాన్న బోటులో అక్క వాటా

మా పక్కింటి గ్రెగ్ గారి హాల్లోకి అడుగుపెడితే ఎదురు గోడ మీద ఒక ఓడ ఫోటో కనిపిస్తుంది. దాని కింద ఫ్రేము కట్టించిన ఒక కాగితం. ఆ ఓడను ఏ యార్డులో కట్టారు, ఏ సముద్రాల్లో తిరిగింది, ఎవరికి కాపలాగా వెళ్లింది, చివరికి ఎక్కడ తుక్కు కింద అమ్మేశారు, అన్నీ వరసగా అచ్చులో ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధంలో వాళ్ల నాన్న అందులో పనిచేశాడు. గ్రెగ్ గారు మాత్రం సముద్రం జోలికి పోకుండా హామిల్టన్ స్టీలు మిల్లులో మా ఆయనతో పాటు పనిచేసి రిటైరయ్యాడు. మంచి మనిషి. మంచు పడ్డ రోజున తన డ్రైవ్‌వేతో పాటు మాదీ శుభ్రం చేసి, కాఫీకి పిలిస్తే వద్దని నవ్వి వెళ్లిపోతాడు. అలాంటి మనిషిని చూసి ఏళ్ల తరబడి కుళ్లుకుంటున్నాను. అసూయ అంటే కొంచెం మర్యాదగా ఉంటుంది గానీ, నాది అచ్చమైన కుళ్లే. ఆయన గోడ మీద వాళ్ల నాన్న ఓడ ఉంది. మా నాన్న కూడా అదే యుద్ధంలో ఇంకో సముద్రం మీద పనిచేశాడు. నా గోడ మీద క్యాలెండర్ ఉంది.

పోయిన అక్టోబరులో మా పేట లైబ్రరీ వాళ్లు, నవంబరులో యుద్ధంలో పనిచేసినవాళ్లను తలుచుకునే రోజుకి ఒక బల్ల ఏర్పాటు చేస్తామనీ, ఇరుగుపొరుగువాళ్లు ఇళ్లలో ఉన్న పాత ఫోటోలూ కాగితాలూ తెచ్చి పెట్టవచ్చనీ చెప్పారు. గ్రెగ్ గారు కంచె దగ్గర నిలబడి మాటవరసకి, మీ ఇంట్లో అలా యుద్ధంలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. మా నాన్న కూడా నేవీయే అన్నాను. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. ఏ షిప్ అన్నాడు. దానికి పేరు లేదు, నంబరు మాత్రమే అన్నాను. ఏం నంబరు అన్నాడు. డెబ్బై దాటినదాన్ని. కెనడాలో దిగిన కొత్తలో అద్దెకున్న అపార్ట్‌మెంట్ ఫోను నంబరు ఇప్పటికీ చెప్పగలను. నాన్న బోటు నంబరు మాత్రం తెలియదు. అది తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే, వాంకూవర్‌లో కొడుకు దగ్గర ఉంటున్న మా అక్క రాజ్యం. ఆ మధ్యాహ్నమే ఫోన్ చేశాను. అవతల పోపు చిటపటలాడుతుండగా, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా గబగబా చెప్పేసింది. అడగక ముందు ఎంత మండిందో, ఆమె అంత సులువుగా చెప్పేసరికి అంతకు రెండింతలు మండింది.

ఆ నంబరుని నా మనవరాలు కంప్యూటర్లో కొట్టి, కాసేపట్లో ఒకటిన్నర పేజీల చరిత్ర ప్రింట్ తీసి నా చేతిలో పెట్టింది. "దిస్ ఈజ్ సో కూల్, అమ్మమ్మా! వై డిడ్ యు నెవర్ టెల్ మీ?" అంది. చెప్పడానికి నాకు తెలిస్తే కదా. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ కాగితం నాలుగుసార్లు చదివాను. మా నాన్న పనిచేసింది పెద్ద యుద్ధనౌక కాదు, ఒడ్డుకు దిగే సైనికులకు అండగా వెళ్లే చిన్న ఫిరంగి బోటు. అడుగు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి పెద్ద ఓడలు రాలేని లోతులేని నీళ్లలోకి వెళ్లి, దిగుతున్నవాళ్ల తలల మీదుగా ఒడ్డు మీదికి గుండ్లు కురిపిస్తుంది. కలకత్తాలో కట్టారు. బొంబాయి దగ్గర శిక్షణ. ఆ తర్వాత బర్మా తీరం. అక్కడ లంకలకీ ఏటిపాయలకీ వెళ్లడం, బురదలో రెండు రోజులు కూరుకుపోవడం, మళ్లీ తేలడం. యుద్ధం అయిపోయాక బియ్యం బస్తాలూ, ఇళ్లకు తిరిగొచ్చే సైనికులనూ మోయడం. చివరికి ఫిరంగులు ఊడదీసి ఇసుక మోసుకునేవాళ్లకి అమ్మేశారు. సైనికులను దించిన ఒకానొక ఉదయం గురించి ఒక వాక్యం ఉంది. సూర్యోదయం నుంచి మధ్యాహ్నం దాకా తీరం మీద కాల్పులు, బోటుకు గానీ సిబ్బందికి గానీ నష్టమేమీ లేదు. అప్పట్లో ఆ వాక్యం మీద నా కళ్లు ఆగలేదు. నాన్న పేరు ఎక్కడైనా ఉంటుందేమోనని వెతుకుతున్నాను. లేదు.

మేం పెరిగింది విశాఖపట్నంలో, రేవుకి దగ్గర్లో, పెంకుటింట్లో రెండు గదుల వాటా. యుద్ధం నుంచి వచ్చాక నాన్నకి పోర్టులో పెద్ద ఓడలను లాగే టగ్గు మీద, ఇంజను గదిలో ఉద్యోగం దొరికింది. ఆయన ఒంటి మీద ఎప్పుడూ నూనె వాసన, దాని మీద సున్నిపిండి వాసన, ఆ పైన చుట్ట వాసన ఉండేవి. ఆ వరస తప్పేది కాదు. ఇల్లు ఇల్లులా ఉండేది కాదు, ఆ బోటులా ఉండేది. తెల్లారక ముందే అరుగు కడగాలి, అదీ కొబ్బరి పీచుతో, ఒక చివర నుంచి ఇంకో చివరకి, వెనక్కి నడుచుకుంటూ. స్నానానికి లెక్కగా మూడు చెంబులు. శనివారం పొద్దున్న చింతపండూ బూడిదా కలిపి ఇత్తడి సామాను తోమాలి, బిందె మీద మన మొహం కనిపించేదాకా. బట్టలు మడత పెట్టడానికి కూడా ఆయనకో పద్ధతి, చుట్టచుట్టి తాడుతో కట్టడం. మా చీరలూ పరికిణీలూ పెట్టెలో కర్రముక్కల్లా వరసగా ఉండేవి. అమ్మ అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, నాన్న మీద కోపమంతా ఆ బోటు మీద చూపించేది. "మీ నాన్నకి అదే పెద్దపెళ్లాం. నేను రెండోదాన్ని. సవతి చచ్చినా పెత్తనం చావలేదు" అని పెరట్లో నిలబడి వీధి వినేలా అరిచేది. అమ్మ ఏం మాట్లాడినా అరిచే మాట్లాడేది. అరటికాయ వేపుడు చాలా అని అడగడమైనా సరే. మా వీధిలో అమ్మకి గయ్యాళి అని పేరు.

సాయంత్రం దీపాలు పెట్టగానే రౌండ్లు మొదలయ్యేవి. బోటు మీద చీకటిపడే ముందు ఒక అధికారీ ఒక నావికుడూ అన్ని మూలలూ తిరిగి చూసేవారట. మా ఇంట్లో అధికారి నాన్న, నావికుడు మా అక్క. నాన్న చేతిలో టార్చి, అక్క ఆయనకు కుడిపక్కన. వంటింట్లో పొయ్యి దగ్గర ఆగేవారు. "చప్పుడు?" అని అడిగేవాడు నాన్న. "లేదు సార్!" అనేది అక్క. పెరట్లో కుళాయి దగ్గర, "చప్పుడు?" "చుక్క పడుతోంది సార్!" నాన్న వంగి కుళాయి బిగించేవాడు. కిటికీ గడియలు, పాలగిన్నె మీద మూత, దొడ్డి తలుపు. చివరికి అరుగు మీదకొచ్చి అక్క, "అంతా సరిగ్గా ఉంది సార్!" అని సెల్యూట్ కొట్టేది. నాన్న కూడా సెల్యూట్ కొట్టి, అక్కని పక్కన కూర్చోబెట్టుకుని బోటు కబుర్లు చెప్పేవాడు. అక్కది బొంగురు గొంతు, మగపిల్లవాడి గొంతులా ఉండేది. నాది సన్నది. బడిలో పాటల పంతులమ్మ నన్ను ముందు వరసలో నిలబెట్టేది, అక్కని నోరు కదిపితే చాలమ్మా అనేది. ఇంటికొస్తే మాత్రం తారుమారు. నేను గుమ్మం వెనక నిలబడి, వాళ్లిద్దరి వీపులూ చూస్తూ, గోడ సున్నం గోళ్లతో గీకేదాన్ని. ఇప్పుడు తలుచుకున్నా ఆ సున్నం గోళ్ల సందుల్లో ఉన్నట్టే ఉంటుంది.

అక్కకి ఎనిమిదేళ్లు నిండినప్పుడు ఆ పని అప్పగించారని నాకు తెలుసు. అందుకని నాకు ఎనిమిది నిండిన రోజున, తలంటుకుని, కొత్త పరికిణీ కట్టుకుని, నాన్న ఎదురుగా నిలబడ్డాను. "నాన్నా, ఇవాళ్టి నుంచి రౌండ్లకి నేను వస్తాను" అన్నాను. నాన్న నా మొహంలోకి చూసి, నవ్వి, తల మీద చెయ్యి వేశాడు. తర్వాత టార్చి తీసుకుని, "రాజ్యం!" అని పిలిచాడు. కాదన్నా బాగుండేది. వద్దు, నువ్వు చిన్నదానివి అన్నా ఏడ్చి ఊరుకునేదాన్ని. నా మాట గాలికి పోయినట్టు, అసలు నేను ఏమీ అననట్టు ఆయన వెళ్లిపోయాడు. మర్నాడు ఉద్యోగం నుంచి వస్తూ నాకు ఎర్ర రిబ్బన్లు తెచ్చాడు. నేనేమో రిబ్బన్లు అడగలేదు. అలాగే చాలాసార్లు జరిగింది. పరీక్షలో ఫస్టు వచ్చానని చెప్తే జీళ్లు వచ్చేవి. చెయ్యి నొప్పంటే పలక వచ్చేది. ఈయనకి నేనంటే లెక్క లేదు, ఏదో ఒకటి చేతిలో పెట్టి వదిలించుకుంటున్నాడు అని నిశ్చయించుకున్నాను. ఆ నిశ్చయంతోనే చదువుకున్నాను, ఆ నిశ్చయంతోనే పెళ్లి చేసుకున్నాను, ఇక్కడ యూనివర్సిటీ ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తూ ముప్ఫై ఏళ్లు ఆ నిశ్చయాన్ని భద్రంగా దాచుకున్నాను.

లైబ్రరీ బల్ల మీదకి ఆ ఒకటిన్నర పేజీ ఇస్తే సరిపోయేది. కానీ నాకు అది చాలలేదు. గ్రెగ్ గారు వాళ్ల నాన్న గురించి నిలబడి పదిహేను నిమిషాలు చెప్పగలడు. నేను కూడా చెప్పాలి, నా నోటితో, మా నాన్న ఇది చేశాడు అని. ఆ కబుర్లన్నీ అక్క దగ్గరున్నాయి. పంతం మింగి, టికెట్ బుక్ చేస్తాను రమ్మన్నాను. వారం రోజులకని వచ్చింది. ఎయిర్‌పోర్టులో చూస్తే నడుము వంగింది, జుట్టంతా తెల్లబడింది, గొంతు మాత్రం అదే బొంగురు. మూడు రోజులు నేను అడుగుతూనే ఉన్నాను, ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూనే ఉంది. నేను ఒకటడిగితే ఇంకొకటి చెప్తుంది, లేదా నవ్వి ఊరుకుంటుంది. నాలుగో రోజు పొద్దున్న కాగితం చేతిలో పట్టుకుని, "అక్కా, ఈ బురదలో కూరుకుపోయిన సంగతి నాన్న నీకేం చెప్పాడు?" అన్నాను. "పంచదార ఆ డబ్బాలో ఉంది కదా" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏం, అంత దాచుకోవాలా? చిన్నప్పుడంతా నువ్వే తిన్నావు, ఇప్పుడు పిసరంత పెట్టడానికి కూడా చేతులు రావట్లేదా? నేను మాట్లాడుతుంటే నీకూ లెక్క లేదా?" అని అరిచాను. అరిచేసరికి అక్క తలెత్తింది.

"ఏటే, ఎందుకలా అరుస్తున్నావు? మిషన్ బ్యాటరీ అయిపోయిందే. కొత్తవి మా వాడు సూట్‌కేసులో పెట్టడం మర్చిపోయాడు. చెప్తే నువ్వు కంగారుపడతావని ఊరుకున్నాను."

"ఏం మిషను?"

జుట్టు పక్కకి తీసి చెవి చూపించింది. చిన్న గింజంత మిషను. "సన్నటి చప్పుళ్లు పోయాయన్నాడు డాక్టరు. నా కోడలు మాట వినబడుద్ది, అబ్బాయి మాట వినబడుద్ది. నీ గొంతే అందట్లేదు. నాన్నకి అందనట్టే."

"నాన్నకి అందకపోవడమేమిటి?" అన్నాను. అక్క నా పెదవుల వంక చూస్తోందని అప్పుడు గమనించాను. చిన్నప్పుడు నాన్న చూసినట్టే.

అక్క చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది. "నీకు తెలీదా? అమ్మ పోయేముందు చెప్పుంటుందనుకున్నానే" అంది. తర్వాత చెప్పింది. కాగితం మీద ఒక్క వాక్యంలో ఉన్న ఆ ఉదయం, నాన్న ఫిరంగికి గుండ్లు అందించే పనిలో ఉన్నాడు. చెవుల్లో దూది పెట్టుకుని, సూర్యుడు నడినెత్తికొచ్చేదాకా ఒకదాని తర్వాత ఒకటి అందిస్తూనే ఉన్నాడు. కాల్పులు ఆగాక చూస్తే, వంటవాడు భోజనానికి రమ్మని గరిటెతో కంచం మీద కొడుతున్నాడు. చెయ్యి ఆడుతోంది, చప్పుడు లేదు. మూడు రోజులకి మోటు చప్పుళ్లు తిరిగి వచ్చాయి. సన్నవి మళ్లీ రాలేదు. పోర్టులో తెలిస్తే ఇంజను గదిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఏ కుళాయి కారుతోందో, ఏ పాలు పొంగుతున్నాయో ఆయనకి తెలిసేది కాదు. అందుకే రౌండ్లు. అందుకే బొంగురు గొంతు అక్క.

"మరి అమ్మ?"

"అమ్మ ఎందుకు అరిచేదనుకున్నావు? సరదాకా? వీధంతా గయ్యాళి అన్నా పడింది గానీ నోరు విప్పి ఒకరికి చెప్పలేదు."

నష్టమేమీ లేదు అని అచ్చువేసిన ఆ వాక్యం బల్ల మీద నా ఎదురుగానే ఉంది. దాన్ని రాసినవాణ్ణి పిలిచి మా ఇంట్లో ఒక సాయంత్రం కూర్చోబెట్టాలనిపించింది. నేను పెళ్లయ్యేదాకా ఆ ఇంట్లో వాగుతూ తిరిగాను. లెక్కలు అప్పజెప్పాను, పద్యాలు పాడాను, అలిగాను, బతిమాలాను. మా నాన్నకి ఒక్క ముక్క చేరలేదు.

"ఆ రిబ్బన్లు?" అన్నాను. ఈసారి గొంతు బరువు చేసి, వీలైనంత మోటుగా.

అక్క బల్ల మీద పడ్డ చిక్కుడు పీచు ఒకచోటికి పోగుచేసింది. "రోజూ రౌండ్లయ్యాక అరుగు మీద కూర్చుని మొదట అదే అడిగేవాడు. 'చిన్నది ఇవాళ ఏమంది?' బోటు కబుర్లు తర్వాతే. నాకు కడుపు మండేది కాదేటి? రోజంతా ఆయన పక్కన నిలబడేది నేను, ఆయన చెవి నేను. ఆయనకి కావలసిందేమో నీ మాట. నీకు ఎనిమిదేళ్లొచ్చిన రోజు అడిగాడు, 'కొత్త పరికిణీ కట్టుకుని వచ్చి ఏదో అడిగింది, ఏమంది?' అని. రిబ్బన్లు కావాలంది అని చెప్పాను."

"నేను ఏమడిగానో నీకు తెలుసా?"

"గుమ్మం దగ్గరే ఉన్నాను. విన్నాను. చెప్తే నన్ను మానిపించి నిన్ను పెట్టుకుంటాడని భయమేసింది. నా దగ్గర ఇంకేముందే, ఆ పని తప్ప?"

ఆ రోజంతా అక్కతో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా ఆవిడకి పెద్ద తేడా తెలిసిందో లేదో నాకు అనుమానమే. మర్నాడు మందుల షాపుకెళ్లి బ్యాటరీలు కొనుక్కొచ్చాను. ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. అక్క చెప్పింది, నేను రాశాను. బురదలో కూరుకున్న రెండు రోజులూ పడవలవాళ్లు వచ్చి ఎండుచేపలిచ్చి పంచదార పట్టుకెళ్లారట. బియ్యం మోసే రోజుల్లో నాన్న బస్తాల మీదే పడుకునేవాడట, ఎలుకలు కాళ్ల మీద తిరిగినా వాటి కిచకిచలు వినబడక హాయిగా నిద్రపట్టేదట. ఫిరంగులు ఊడదీసిన రోజున ఆయన చూడలేక ఒడ్డు మీద వెనక్కి తిరిగి నిలబడ్డాడట. ఏ చరిత్రలోనూ లేని సంగతులు. రాస్తున్నంతసేపూ నాలో ఒక మూల కుతకుతలాడుతూనే ఉంది. ఇవన్నీ ఆయన నోటి నుంచి ఈవిడ విన్నది, నేను ఈవిడ నోటి నుంచి వింటున్నాను. అక్క తప్పు ఒప్పుకుంది కాబట్టి నా మంట చల్లారాలి కదా. చల్లారలేదు. పాత మంటకి ఇప్పుడు కొత్త కారణం దొరికింది, అంతే. ఆ కాగితాలు లైబ్రరీ బల్ల మీద పెట్టాం. గ్రెగ్ గారు మొత్తం చదివి, టోపీ తీసి, తన దగ్గర ఇలాంటివేమీ లేవని, తన తండ్రి ఇంట్లో యుద్ధం మాటే ఎత్తేవాడు కాదని అన్నాడు. ఆ పూట మాత్రం నాకు బాగా నిద్రపట్టింది.

అక్క వెళ్లే రోజు పొద్దున్న, సూట్‌కేసు జిప్పు పెడుతూ, "ఒకటడుగుతాను, చెప్తావా?" అంది. అడగమన్నాను.

"నాన్న మంచం పట్టాక నువ్వు ఇక్కణ్నుంచి ఒకసారి ఫోన్ చేశావు. పోవడానికి వారం ముందు. పది నిమిషాలు మాట్లాడావు, గుర్తుందా?"

గుర్తుందా అంటే ఏం చెప్పను. నేను మాట్లాడినంతసేపూ ఆయన అవతల ఊఁ, ఊఁ అంటూనే ఉన్నాడు. లైను తెగేదాకా ఫోన్ పెట్టలేదు. నా జన్మలో నాన్న నా మాట అంతసేపు విన్నది ఆ ఒక్కసారే అని అందరికీ చెప్పుకున్నాను. ఆయన విన్నది లేదని ఈ వారంలోనే తెలిసింది. ఆ సంగతి తలుచుకోకుండా జాగ్రత్తపడుతున్నాను.

"ఎవరు ఫోన్ చేసినా రిసీవర్ పెట్టేసి నన్నే అడిగేవాడు, ఏమన్నారే అని. ఆ రోజు అడగలేదు. రిసీవర్ గుండె మీద పెట్టుకుని పడుకున్నాడు. 'చిన్నదానికి మళ్లీ ఫోన్ కలిపి ఏమందో అడగనా నాన్నా?' అన్నాను. 'అక్కర్లేదు, నాకు తెలుసు' అన్నాడు. ఏం తెలుసో నాకు చెప్పలేదు. ఇన్నేళ్లనుంచీ నాకు అదే కుళ్లు. ఆయన నన్ను అడక్కుండా దాచుకున్నది అదొక్కటేనే." అక్క కొత్త బ్యాటరీ వేసిన చెవిని నా వైపు తిప్పింది. "ఏమన్నావే ఆ రోజు?"

బయట టాక్సీ హారన్ కొట్టింది. అక్క కదల్లేదు.

"అది నాకూ నాన్నకీ మధ్య మాట" అన్నాను.

అక్క తలూపి, సూట్‌కేసు పిడి అందుకుంది. నేను గుమ్మం దాకా వెళ్లి చెయ్యి ఊపాను. ఆ రోజు ఫోన్‌లో ఏం మాట్లాడానో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.